పుచ్చుకు ముందు పడే నీడ



పన్ను పుచ్చితే మనవాళ్ళు "పురుగు పట్టింది" అంటారు. బళ్ళారిలో పళ్ళ డాక్టరుగా చాలా ఏళ్ళు ఈ మాట వింటూ వచ్చాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమంది ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడేవాళ్ళు. తెలుగులో పురుగు అన్నవాళ్ళే కన్నడంలోకి మారగానే "హుళుకు హల్లు" అనేవాళ్ళు. అదీ పురుగే. తమిళనాడులో ఉన్న మన బంధువుల్ని అడిగితే "పూచ్చిపల్" అంటారు. మహారాష్ట్రలో పంటికి "కీడ్" పడుతుంది. బరంపురం వైపు వెళితే "పోక" పడుతుంది. ఇన్ని రాష్ట్రాల్లో మన భాష పక్కవారి భాషతో కలిసి ఎంత మారినా పంటిలో పురుగు మాత్రం ఎక్కడా మారలేదు. ఆ పురుగు పట్టడానికి చాలా ముందే పంటి మీద పడే ఒక నీడ ఉంది. దాన్ని చూడటం మనుషులు ఎలా నేర్చుకున్నారో ఈ పూట చెప్పుకుందాం.

పురుగు లేదని గట్టిగా చెప్పినవాడు ఒక ఫ్రెంచి వైద్యుడు, పియేర్ ఫోషార్. యానాంలో ఉన్న శ్రోతలకు ఈ పేరు పలకడం కష్టం కాదు. 1728లో ఆయన దంతవైద్యం మీద పెద్ద గ్రంథం రాశాడు. పుచ్చుపళ్ళను భూతద్దాల కింద పెట్టి వెతికాననీ, తనకు పురుగులు కనబడలేదనీ అందులో చెప్పాడు. మరి పన్ను ఎందుకు పుచ్చుతుంది? దీనికి నిలబడే జవాబు రావడానికి ఇంకో 160 ఏళ్ళు పట్టింది. బెర్లిన్‌లో పనిచేసిన విలోబీ మిల్లర్ అనే అమెరికను 1890లో ఒక పుస్తకం అచ్చువేశాడు. నోట్లో ఉండే సూక్ష్మజీవులు మనం తిన్న తీపినీ పిండి పదార్థాన్నీ పులియబెట్టి ఆమ్లం తయారుచేస్తాయని, ఆ ఆమ్లమే పంటిని కరిగిస్తుందని అందులో చూపించాడు. పురుగు ఉందన్నమాట. కాకపోతే కంటికి కనబడేది కాదు, కొరికేదీ కాదు.

ఇక్కడ కాస్త ఆగి, పన్ను ఎలా కరుగుతుందో చూద్దాం. ఇది తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు.

పంటి పైపొరను ఎనామిల్ అంటాం. మన శరీరంలో ఇంతకన్నా గట్టి పదార్థం లేదు. దాని బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. దాన్ని కట్టిన కణాలు పన్ను బయటికి వచ్చేనాటికే వెళ్ళిపోతాయి కాబట్టి విరిగితే మళ్ళీ పెరగదు. పాచిలో పుల్లదనం పెరిగి పి.హెచ్. సుమారు 5.5 కన్నా దిగితే ఖనిజం కరగడం మొదలవుతుంది. అయితే పైనుంచి గుంట పడుతూ కరగదు, అదే ఇందులో విచిత్రం. ఉపరితలం మీద పలచటి రేకులాంటి పొర చాలావరకు నిలిచే ఉంటుంది, దాని కింద బోలు పడుతుంది. చెదపట్టిన తలుపు గుర్తుందా? పైన రంగు వేసి నున్నగానే ఉంటుంది, వేలు పెట్టి నొక్కితే లోపలికి పోతుంది. అలాగన్నమాట.

ఈ దశలో పంటి మీద కనిపించేది ఒక తెల్ల మచ్చ. పటికబెల్లం పలుకు అద్దంలా ఉంటుంది, దంచితే తెల్లటి పొడి అవుతుంది. పదార్థం అదే, కాని సందులు ఏర్పడేసరికి వెలుగు సూటిగా పోలేక చెదిరిపోయి తెల్లగా కనబడుతుంది. ఎనామిల్‌లోనూ జరిగేది ఇదే. సందుల్లో నీళ్ళుంటే మచ్చ సరిగా తెలియదు. గాలి ఊది ఆరబెడితే నీళ్ళు పోయి గాలి చేరుతుంది, అప్పుడు వెలుగు ఇంకా ఎక్కువ చెదిరి మచ్చ బయటపడుతుంది. ఆరబెడితేనే కనిపించే మచ్చ చిన్న వయసుది, తడిగా ఉన్నా కనిపించేది ముదిరినది.

ఇంకో సంగతి ఉంది. ఈ మచ్చ తిరిగి బాగుపడగలదు. లాలాజలంలో కాల్షియం, ఫాస్ఫేటు ఉంటాయి. పాచి తీసి, తీపి తినే సార్లు తగ్గించి, ఫ్లోరైడు ఉన్న పేస్టు వాడితే పోయిన ఖనిజం కొంత తిరిగి చేరుతుంది. పైపొర విరిగి గుంట పడిందంటే మాత్రం ఆ దారి చాలావరకు మూసుకుపోయినట్టే.

అందుకని తొలి రోజుల్లోనే మచ్చను చూడగలగడం చాలా పెద్ద విషయం. మా వృత్తి చాలాకాలం దీన్ని తలకిందులుగా చేసిందని ఒప్పుకోవాలి.

నేను చదువుకునే రోజుల్లో మా చేతికి ఇచ్చిన మొదటి పనిముట్టు కొక్కెంలా వంగిన సూది. దవడ పన్ను గాడిలో దాన్ని పెట్టి నొక్కాలి. సూది పట్టుకుంటే పుచ్చు, జారిపోతే మంచిది. అంతే సూత్రం. పుచ్చు అని తేలితే డ్రిల్లు పెట్టి చెక్కాలి. దాని చుట్టూ ఉన్న గాడులన్నీ కూడా, రేపు పుచ్చుతాయేమోనని, ముందే చెక్కి సిమెంటో వెండి మిశ్రమమో నింపాలి. షికాగోకు చెందిన గ్రీన్ వార్డిమన్ బ్లాక్ 19వ శతాబ్దం చివర స్థిరపరిచిన పద్ధతి ఇది. ఆయన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఫ్లోరైడు పేస్టు లేని కాలం, పుచ్చు మొదలైతే ఆగదనుకున్న కాలం. ఆ కాలానికి ఆయన చెప్పింది సబబే. కాలం మారినా మేమే మారలేదు.

మా పెద్దమ్మ మనవడు, పదేళ్ళవాడు, సెలవుల్లో మా ఇంటికి వచ్చాడు. కొత్తగా డాక్టరునయిన ఉత్సాహంలో వాడి నోరు తెరిపించి చూశాను. కింద దవడ పన్ను గాడిలో తెల్లగా ఉంది, గుంట లేదు, నొప్పి లేదు. సూది పెట్టి నొక్కాను. పట్టుకుంది. మర్నాడే చెక్కి నింపాను. పెద్దమ్మ సంతోషించి నాకు అరిసెలు పెట్టింది. ఆరేడేళ్ళకు ఆ సిమెంటు ఊడింది, ఇంకొంచెం పెద్దగా చెక్కి మళ్ళీ పెట్టాను. ముప్పయ్యో ఏట ఆ పంటికి వేరు వైద్యం చేయవలసి వచ్చింది. అది మొదట పుచ్చేనా, లేక నా సూదే దాన్ని గుంట చేసిందా అన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. తీసివేయవలసిన జ్ఞానదంతాల్ని ముందు సూదితో గుచ్చి, ఆ తర్వాత సూక్ష్మదర్శిని కింద చూసిన ఒక అధ్యయనం 1987లో డెన్మార్క్ నుంచి వచ్చింది. మెత్తబడిన ఎనామిల్‌ను సూది విరగ్గొట్టిందని తేలింది. ఆ వ్యాసం నేను చాలా ఆలస్యంగా చదివాను.

ఎక్స్‌రే ఉంది కదా అంటారు. ఉంది. రాంట్జెన్ 1895లో ఆ కిరణాల్ని కనుక్కున్న కొద్ది వారాలకే, 1896 జనవరిలో, ఒట్టో వాల్కాఫ్ అనే జర్మను దంతవైద్యుడు తన పళ్ళనే ఫొటో తీసుకున్నాడు. అందుకు 25 నిమిషాలు కదలకుండా ఉన్నాడట. పళ్ళ మధ్య సందుల్లో పుచ్చుకు ఎక్స్‌రే ఇప్పటికీ మంచి సాయమే. అయితే ఖనిజం చాలా పోతే తప్ప ఎక్స్‌రేలో నల్లగా కనబడదు. పెచ్చు ఊడేదాకా చెద తెలియనట్టే.

మరి వెలుగు సంగతి ఏమిటి? దీనికి వేరే ఊరికి, వేరే శాస్త్రానికి వెళ్ళాలి.

1852లో కేంబ్రిడ్జిలో జార్జి గాబ్రియేల్ స్టోక్స్ ఒక చిన్న ప్రయోగం చేశాడు. చలిజ్వరానికి ఇచ్చే క్వినైన్ తెలుసు కదా, ఆ ద్రావణాన్ని గాజుగొట్టంలో పోశాడు. ఎండను గాజు పట్టకంతో రంగులుగా విడదీసి, గొట్టాన్ని ఒక్కో రంగులో పెడుతూ పోయాడు. ఊదారంగు దాటి, కంటికి ఏమీ కనిపించని చోటికి వచ్చేసరికి గొట్టం నీలంగా వెలిగింది! కనబడని కిరణాన్ని మింగి కనబడే వెలుగును ఇస్తోందన్నమాట. ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజంలోనూ ఇలాంటి వెలుగు ఉండటంతో ఆయన దీనికి ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టాడు. మన ఇంటి ట్యూబులైటు పనిచేసేది ఈ సూత్రం మీదే. ఒకప్పుడు తెల్లబట్టలకు పెట్టిన టినోపాల్‌దీ ఇదే గారడీ. ఎండలోని కనబడని కిరణాన్ని మింగి కాస్త నీలపు వెలుగును ఇస్తే చొక్కా తళతళలాడేది.

స్టోక్స్ కనిపెట్టిన ఇంకో నియమం మనకు ముఖ్యం. బయటికి వచ్చే వెలుగు, లోపలికి వెళ్ళిన వెలుగు కన్నా కొంచెం నీరసంగా, అంటే ఎరుపు వైపుకు జరిగి ఉంటుంది. కాబట్టి నీలం అద్దం గుండా వెలుగు పంపి, పసుపు అద్దం గుండా చూస్తే, పంపిన వెలుగు ఆగిపోయి వస్తువు తనంతట ఇచ్చే వెలుగు మాత్రమే కంటికి చేరుతుంది. స్టోక్స్ నీలానికి రంగుటద్దం వాడాడని, పసుపు వడపోతకు గ్లాసెడు ద్రాక్షసారా అడ్డం పెట్టుకున్నాడని చెబుతారు. ఈ నీలం, పసుపు అమరికను గుర్తుంచుకోండి. మళ్ళీ వస్తుంది.

పళ్ళు కూడా ఇలా వెలుగుతాయని 1911లో జర్మనీలో స్ట్యూబెల్ గమనించాడు. 1928లో అమెరికాలో బెనెడిక్ట్ ఇంకో అడుగు వేసి, మంచి పన్ను వెలిగినట్టు పుచ్చిన భాగం వెలగడం లేదని, ఇది పుచ్చును పరిశీలించడానికి పనికొస్తుందని రాశాడు. కీలకం చేతికి వచ్చింది. ఆ తర్వాత 50 ఏళ్ళు దాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకున్నవాళ్ళు కట్టుడుపళ్ళు చేసేవాళ్ళు, వాళ్ళ అవసరం వేరు. పింగాణి పళ్ళు వెలగవు కాబట్టి, నాటకాల్లో, నాట్యశాలల్లో ఊదా దీపం పడితే పెట్టుడుపన్ను నల్లటి కన్నంలా కనబడుతుంది. అందుకని పింగాణిలో రవంత యురేనియం కలిపేవారు! నమ్మశక్యం కాదు గాని నిజం. అమెరికాలో బరువులో 0.05 శాతం దాకా అనుమతి ఉండేది. 1980ల్లో ఆ అలవాటు మానేసి, అపాయం లేని ఇతర లోహాల ఆక్సైడ్లకు మారారు.

పుచ్చు వైపు 50 ఏళ్ళు ఎవరూ ఎందుకు చూడలేదు? దీపాలు సరిగా లేవనేది ఒక కారణం. నాకు తోచేదేమిటంటే, కనబడినా చేసేదేమీ లేదనుకున్నారు. ఎలాగూ చెక్కుతాం, రెండేళ్ళు ముందైతేనేం, వెనకైతేనేం? ఫ్లోరైడు పేస్టు వాడుకలోకి వచ్చాక 1970ల్లో ఐరోపా దేశాల పిల్లల్లో పుచ్చు తగ్గుతూ వచ్చింది. మిగిలిన పుచ్చు నెమ్మదిగా నడవసాగింది. అప్పుడు, ఈ మచ్చ ముందుకు పోతోందా, నిలిచిందా, వెనక్కి వస్తోందా అన్న ప్రశ్నకు విలువ వచ్చింది.

ఆ ప్రశ్న పట్టుకున్నది స్వీడన్ వాళ్ళు. స్టాక్‌హోంలో హాన్స్ బ్యెల్క్‌హాగెన్ లేజరుతో త్రిపరిమాణ చిత్రాలు తీసే నిపుణుడు. ఆయనా, దంత పరిశోధకులు సుండ్‌స్ట్రోమ్, బిర్గిట్ ఆంగ్మార్ మోన్సొన్ మొదలైనవారూ కలిసి 1981, 1982ల్లో ఒక పద్ధతి ప్రకటించారు. 488 నానోమీటర్ల ఆర్గాన్ లేజరు నీలి కాంతిని పంటి మీద వేసి, డాక్టరు పసుపు కళ్ళద్దాలతో చూడటమే ఆ పద్ధతి. మంచి ఎనామిల్ పసుపుపచ్చగా వెలిగింది. తెల్ల మచ్చ ఉన్నచోట నల్లటి నీడ పడింది. స్టోక్స్ అమరికే, 130 ఏళ్ళ తర్వాత మనిషి నోటి ముందు. దాదాపు అదే సమయానికి, 1981లో, న్యూయార్క్‌లో ఆల్ఫానో, యావో అనే ఇద్దరు మంచి పంటి వెలుగుకూ పుచ్చుపంటి వెలుగుకూ రంగుల్లో ఉన్న తేడాను కొలిచి ప్రచురించారు.

మామూలు వెలుగులో తెల్లగా ఉన్న మచ్చ ఇక్కడ నల్లగా ఎందుకు మారింది? వెలుగు చెదిరిపోవడమే రెంటికీ కారణం. నీలికాంతి మంచి ఎనామిల్‌ను దాటి లోపలి దంతపదార్థం దాకా వెళుతుంది, అక్కడ పుట్టిన పసుపుపచ్చ వెలుగు తిరిగి బయటికి వస్తుంది. బోలుపడ్డ చోట తెర కట్టినట్టే. నీలికాంతి లోపలికి సరిగా వెళ్ళదు, లోపలి వెలుగు బయటికి సరిగా రాదు.

ఆ లేజరు యంత్రం మాత్రం క్లినిక్కులో పెట్టుకునేది కాదు, బరువూ ఖరీదూ రెండూ ఎక్కువే. పైగా నీడ ఎంత ముదురో కంటితో చెప్పడం ఎలా? 1995లో నెదర్లాండ్స్‌కు చెందిన డి యోసెలిన్ డి యోంగ్, స్వీడన్ బృందంతో కలిసి దీన్ని కెమెరాకూ కంప్యూటరుకూ అప్పగించాడు. నీడ చుట్టూ ఉన్న మంచి ఎనామిల్ వెలుగును బట్టి, మచ్చ లేకపోతే అక్కడ ఎంత వెలుగు ఉండేదో యంత్రం లెక్కకడుతుంది. అందులోంచి ఉన్న వెలుగును తీసివేస్తే ఎంత తగ్గిందో తెలుస్తుంది. 5 శాతం కన్నా ఎక్కువ తగ్గితే మచ్చగా లెక్క. లేజరు పోయి, నీలం వడపోత పెట్టిన దీపం వచ్చింది. క్యు.ఎల్.ఎఫ్. అని పేరు పడింది. ఇప్పటి కెమెరాలు సుమారు 405 నానోమీటర్ల ఎల్.ఇ.డి. దీపాలతో పనిచేస్తున్నాయి.

దీనివల్ల జరిగిన మేలు ఒకటి చెబుతాను. పళ్ళకు తీగలు కట్టించుకున్న పిల్లల్ని చూసే ఉంటారు. తీగ విప్పాక బిళ్ళ చుట్టూ తెల్ల మచ్చలు మిగులుతాయి. అలాంటి పిల్లల్ని స్వీడన్‌లో ఏడాదిపాటు ఈ వెలుగుతో మళ్ళీ మళ్ళీ కొలిచి, ఫలితాలను 1998లో ప్రచురించారు. మచ్చల వైశాల్యం తగ్గుతూ, వెలుగు పెరుగుతూ వచ్చింది. డ్రిల్లు తాకలేదు. ఆరబెట్టి చూసి "కాస్త తగ్గినట్టుందే" అనుకునే చోట ఇప్పుడు అంకె ఉంది.

అదే 1998లో జర్మనీ నుంచి డయాగ్నోడెంట్ అనే కలంలాంటి పరికరం బజారుకు వచ్చింది. హిబ్స్ట్, గాల్ అనే ఇద్దరి పరిశోధన మీద ఆధారపడినది. దీని వెలుగు 655 నానోమీటర్ల ఎరుపు. ఇది నీడ కోసం చూడదు. పుచ్చులో చేరిన సూక్ష్మజీవులు పోర్ఫిరిన్ అనే పదార్థాలు వదులుతాయి, మన నెత్తుటికి ఎరుపునిచ్చే పదార్థానికి అవి బంధువులు. అవి ఇచ్చే వెలుగును పట్టి 0 నుంచి 99 దాకా అంకె చూపుతుంది. నీలికాంతి కెమెరాలోనూ పాత పాచి, పుచ్చు ముదిరిన చోటు ఎర్రగా మెరుస్తాయి. మన అమ్మమ్మలు చెప్పిన పురుగు చివరికి ఇలా ఎర్రగా దొరికిందని నాకు నవ్వొచ్చింది.

కాని అంకె ఉందంటే చేతికి దురద పుడుతుంది. గాడిలో గార ఉన్నా, మరక ఉన్నా, పాలిష్ చేసిన పేస్టు మిగిలినా అంకె పెరుగుతుంది. బేడర్, షుగర్స్ అనే అమెరికను పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ చదివి 2004లో రాసిందేమిటంటే, ఈ పరికరం పుచ్చును కంటికన్నా బాగా పడుతుంది గాని, లేనిచోట ఉందని కూడా ఎక్కువ చెబుతుందని. దీన్ని ఒక్కదాన్నే నమ్మి చెక్కకూడదని. సూది పోయి అంకె వచ్చినా చెక్కేవాడి తొందర అలాగే ఉంటే, పెద్దమ్మ మనవడి పంటికి ఒరిగేదేముంది?

మన ప్రాంతాలవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. స్టోక్స్ పేరు పెట్టుకున్న ఫ్లోర్‌స్పార్ నుంచే ఫ్లోరిన్ అనే మూలకానికీ పేరు వచ్చింది. నీటిలో ఫ్లోరైడు మితిమీరితే పళ్ళ మీద సుద్దలాంటి తెల్లచారలు, గోధుమరంగు మచ్చలు వస్తాయి. ఇండియాలో మనుషుల్లో ఈ జబ్బును తొలిగా వివరించింది 1937లో, నెల్లూరు జిల్లా నుంచే. నల్గొండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఈ ఫ్లోరోసిస్ మచ్చలోనూ ఎనామిల్ బోలుగానే ఉంటుంది కాబట్టి నీలికాంతిలో అదీ నీడలాగే కనబడుతుంది. ఏది పుచ్చో, ఏది నీళ్ళ దోషమో యంత్రం చెప్పదు. డాక్టరు కన్ను చెప్పాలి. నీళ్ళ మచ్చలు సాధారణంగా ఎడమా కుడీ జతపళ్ళ మీద ఒకేలా, పంటికి అడ్డంగా చారలుగా ఉంటాయి. పుచ్చు మచ్చ పాచి నిలిచే చోట, చిగురు అంచున, గాడిలో, తీగ బిళ్ళ చుట్టూ ఉంటుంది. ఆ తేడా చూడకుండా చెక్కితే, తాగిన నీటికి శిక్ష పంటికి వేసినట్టు.

ఇలాంటి కెమెరాలు మన ఊళ్ళలో అన్నిచోట్లా లేవు. ఉండకపోయినా పెద్ద లోటు లేదు. పాచి తీసి, మంచి దీపం కింద పన్ను ఆరబెట్టి, తొందరపడకుండా చూసే డాక్టరుకు తొలి మచ్చ చాలావరకు తెలుస్తుంది. మీరు వెళ్ళినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి. "డాక్టరుగారూ, గుంట పడిందా, లేక మచ్చేనా?" మచ్చే అయితే, ఎన్ని నెలలకు మళ్ళీ చూపించుకోవాలో అడగండి. అలా అడిగినందుకు నొచ్చుకునే డాక్టరు మంచి డాక్టరు కాడు.

పోయిన ఏడాది పెద్దమ్మ మనవడు తన కూతుర్ని తీసుకొచ్చాడు. తొమ్మిదేళ్ళ పిల్ల. పై ముందుపళ్ళ చిగురు అంచున రెండు తెల్ల మచ్చలు. నా దగ్గర ఆ కెమెరా లేదు, తెలిసిన డాక్టరమ్మ దగ్గర ఉంటే అక్కడికి తీసుకువెళ్ళాను. తెర మీద తన పళ్ళు పచ్చగా వెలుగుతుంటే పిల్ల తెగ సంబరపడింది. పడుకునే ముందు బిస్కెట్లు మానిపించాం, పేస్టు మార్చాం. నాలుగు నెలలకు చూస్తే ఒక నీడ చిన్నదయింది, రెండోది అలాగే ఉంది. "చెక్కేద్దామా తాతయ్యా?" అని వాళ్ళ నాన్న అడగలేదు, పిల్లే అడిగింది. వద్దన్నాను. ఉగాది వెళ్ళాక మళ్ళీ రమ్మన్నాను.

సెలవు.